ఒక్క పండుకి ఇరవై ఏడు పాయింట్లు

1949లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం ఎడ్‌శాక్ అనే కంప్యూటర్‌ని పని చేయించింది. గది నిండా వాక్యూమ్ ట్యూబులతో ఉండే యంత్రం అది. ప్రోగ్రామ్‌ని కాగితపు టేపు మీద రంధ్రాలుగా కొట్టి దానికి అందించాలి. టేపు కొట్టే యంత్రమేమో వేరే అంతస్తులో ఉండేది. ఆ రెండింటి మధ్య మెట్లెక్కి దిగుతున్న ఒకానొక పూట, మెట్ల మలుపు దగ్గర విల్క్స్‌కి ఒక సంగతి బలంగా తట్టింది. ఇకమీదట తన జీవితంలో పెద్ద భాగం తను రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కోవడానికే పోతుందని! ఆ క్షణం గురించి ఆయన తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన కుస్తీ పడుతున్న ప్రోగ్రామ్ 126 వరుసలది. ఆ టేపు చాలా ఏళ్ల తర్వాత బయటపడితే పరిశోధకులు చదివి చూశారు. అందులో ఇరవై దాకా తప్పులున్నాయి.

విల్క్స్ అజాగ్రత్త మనిషి కాడు. గణితం, భౌతికశాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాడు. తప్పులు రావడం ఆ పని స్వభావంలోనే ఉంది. మనం అనుకున్నది ఒకటి, రాసింది ఒకటి. యంత్రం మాత్రం రాసిందే చేస్తుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఎడం ఎక్కడుందో కనిపెట్టడమే ప్రోగ్రామింగ్‌లో సగం పైగా పని. జీతానికి ఈ పని చేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, డెబ్బై అయిదేళ్లు గడిచినా ఈ సంగతి మారలేదు.

అందుకే, గంటలో పిల్లలకి కోడింగ్ పరిచయం చేశామని ఎవరైనా అంటే నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. ఆ గంటలో పిల్లకి తన సొంత తప్పు ఒక్కటైనా చేసే చోటు దొరికిందా?

గంట అనగానే గుర్తొచ్చేది ‘అవర్ ఆఫ్ కోడ్’. హాదీ, అలీ పార్టోవి అనే అన్నదమ్ములు అమెరికాలో కోడ్ డాట్ ఆర్గ్ అనే సంస్థ పెట్టి, 2013 డిసెంబరులో దీన్ని మొదలుపెట్టారు. తొలితరం ప్రోగ్రామర్ గ్రేస్ హాపర్ పుట్టినరోజు వచ్చే వారం అది. తెర మీద ఒక గళ్ల దారి, ఒక చివర కోపిష్టి పక్షి, ఇంకో చివర పంది. ‘ముందుకు నడు’, ‘ఎడమకి తిరుగు’, ‘మళ్లీ మళ్లీ చెయ్యి’ అనే బ్లాకుల్ని ఒకదాని కింద ఒకటి అతికించి పక్షిని పంది దగ్గరికి చేర్చాలి. చేరగానే అభినందనలు, నువ్వు ఇన్ని వరుసల కోడ్ రాశావన్న లెక్క, తర్వాతి మెట్టు. చివర ఒక సర్టిఫికెట్. మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఒబామా బడిపిల్లల పక్కన కూర్చుని జావాస్క్రిప్ట్‌లో ఒక్క వరుస రాశాడు. తెర మీది బొమ్మని వంద అడుగులు ముందుకు నడిపే ఆదేశం అది.

ఈ ప్రయత్నం చేసిన మేలు నేను మరచిపోను. కంప్యూటర్ అంటే ఎవరో మహా తెలివైనవాళ్ల వ్యవహారమన్న భయాన్ని కోట్ల మంది పిల్లల్లో అది పోగొట్టింది. మౌస్ పట్టుకోవడానికే చెయ్యి వణికే పిల్ల కూడా పది నిమిషాల్లో పక్షిని నడిపించి నవ్వుతుంది. ఆ నవ్వు అబద్ధం కాదు.

మా అక్క కొడుకు ఆ సర్టిఫికెట్ ఫొటో పంపించి, “పిన్నీ, నేను కోడ్ రాశాను” అని ఫోన్ చేశాడు. తర్వాత వాళ్లింటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని ఆడించుకున్నాను. చురుకైన పిల్లాడు. పక్షి గోడకి కొట్టుకుంటే ఒక బ్లాకు తీసి ఇంకోటి పెడతాడు. అదీ పని చేయకపోతే మరోటి. మూడో నాలుగో మార్పుకి పక్షి గమ్యం చేరుతుంది. “ఇక్కడ కుడికెందుకు తిప్పావు నాన్నా?” అంటే, “అది పెడితే వెళ్తుంది పిన్నీ” అన్నాడు. వాణ్ణి తప్పు పట్టడానికేమీ లేదు. జవాబు ముందే నిర్ణయమై ఉంది, వాడగలిగే బ్లాకులు నాలుగైదే, తప్పితే పోయేదేం లేదు. అలాంటి చోట ఆలోచించడం కంటే మార్చి చూడడమే తెలివైన పని. వాడు సరిగ్గా ఆ తెలివే చూపించాడు. కాకపోతే అది చిక్కుప్రశ్న విప్పే తెలివి. ప్రోగ్రామ్ రాయడమంటే, జవాబు ఎవరి దగ్గరా సిద్ధంగా లేనిదాన్ని తనే కట్టడం. వాడికింకా ఆ అనుభవం కలగలేదు. కలిగిందని మాత్రం చెప్పేశారు.

మా వృత్తిలో కొందరు ఇక్కడ వేరే దారి పడతారు. బ్లాకులే అబద్ధం, అక్షరాలతో టైపు చేయనిది ప్రోగ్రామే కాదు అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. బ్లాకులు తీసేసినవి చుక్కల, కామాల, బ్రాకెట్ల తప్పులు. ఒకదానికొకటి పొసగని బ్లాకులు అతుక్కోనే అతుక్కోవు కాబట్టి ఆ బాధ ఉండదు. పదేళ్ల పిల్లకి, అందునా ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే పిల్లకి, ఎర్రటి ఎర్రర్ మెసేజీల నుంచి ఆ మాత్రం ఊరట ఇవ్వడంలో మోసమేమీ లేదు. అర్థంలో వచ్చే తప్పులు అన్నీ అలాగే ఉంటాయి. ఉండాలి.

నేను కొంతకాలంగా శనివారాలు ఒక ప్రభుత్వ హైస్కూలుకి వెళ్లి పిల్లలతో స్క్రాచ్ చేయిస్తున్నాను. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో అందరికీ విడుదల చేసిన పరికరం ఇది. ఇందులోనూ బ్లాకులే. పిల్ల దీన్ని తెరిచేసరికి మాత్రం ఒక పిల్లి బొమ్మ, ఖాళీ తెర ఉంటాయి. గమ్యమూ లేదు, పందీ లేదు. ఏం చేయాలో పిల్లే చెప్పాలి.

ఒక ఏడో తరగతి అమ్మాయి మామిడిపళ్ల ఆట చేస్తానంది. పై నుంచి పండు పడుతుంది, కింద బుట్టని అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. పండు పట్టుకుంటే ఒక పాయింటు. తనకి తోచినట్టే రాసింది: ఎప్పటికీ చూస్తూ ఉండు, పండు బుట్టకి తగిలితే స్కోరుకి ఒకటి కలుపు. తెలుగులో చదివినా, ఏ భాషలో చదివినా ఈ వాక్యంలో తప్పేం కనబడదు. ప్రోగ్రామ్‌ని నడిపే పచ్చజెండా గుర్తు నొక్కింది. మొదటి పండు బుట్టలో పడింది. స్కోరు ఇరవై ఏడు.

పిల్లలంతా చుట్టూ మూగారు. కంప్యూటర్ పాడైందన్నారు. వైరస్ అన్నాడొకడు. “మేడమ్, దీనికి లెక్క రాదు” అంది ఆ అమ్మాయి, కోపంగా.

లెక్క దానికి బాగా వచ్చు. స్క్రాచ్‌లో ‘ఎప్పటికీ’ అన్న బ్లాకు తన లోపల ఉన్నదాన్ని సెకనుకి దాదాపు ముప్ఫైసార్లు తిరగేస్తుంది. పండు బుట్టని దాటుకుంటూ కిందికి పోవడానికి సెకను దాకా పడుతుంది. ఆ సెకనులో తిరిగిన ప్రతిసారీ అది చూసుకుంది: తగులుతోందా? తగులుతోంది. అయితే ఒకటి కలుపు. మళ్లీ: తగులుతోందా? మనిషికైతే ‘పండు పట్టుకోవడం’ ఒక్క సంఘటన. యంత్రానికి ‘పట్టుకోవడం’ తెలియదు. తగులుతూ ఉన్న ఒక స్థితి మాత్రమే తెలుసు. ఆ అమ్మాయి మనసులో ఉన్నది సంఘటన, రాసింది స్థితి.

నేను ఏం చేయాలో చెప్పలేదు. పండుని బాగా నెమ్మదిగా పడేలా మార్చి మళ్లీ ఆడమన్నాను. ఈసారి స్కోరు గిర్రున తిరగడం కళ్లెదుటే కనిపించింది. “తగిలినంతసేపూ ఇస్తానే ఉంది మేడమ్!” అంది. ఆ మాట తన నోటితో వచ్చాక మిగిలింది తేలికే. పండు తగలగానే దాన్ని మళ్లీ పైకి పంపేసింది. తగలడం అక్కడితో ఆగింది. ఒక్క పండు, ఒక్క పాయింటు. ఆ వెంటనే ఇంకోటి తగులుకుంది. ఆట మళ్లీ మొదలుపెడితే పాత స్కోరు అలాగే ఉంది. సున్నా చేయమని చెబితే తప్ప యంత్రం సున్నా చేయదు. మేము ఆఫీసుల్లో ఎదుర్కొనే తప్పుల్లో చాలా వాటికి మూలం ఈ రెండు జాతులే. ఒక సంఘటనని రెండుసార్లు లెక్కపెట్టడం, పాత విలువని తుడవకపోవడం. డబ్బులు రెండుసార్లు కోసుకున్న బ్యాంకు యాప్‌ల వెనక ఎన్నోసార్లు ఉండేది ఈ మొదటి రకమే. ఆ పూట ఆ అమ్మాయికి దొరికింది నిఖార్సైన ప్రోగ్రామింగ్. సెమికోలన్ ఒక్కటి కూడా లేకుండా.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫోర్జెగ్, సేమర్ పాపర్ట్, సింథియా సాలొమన్ తదితరులు పిల్లల కోసం లోగో అనే భాష చేశారు. పాపర్ట్ అంతకు ముందు జెనీవాలో మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే దగ్గర కొన్నేళ్లు ఉండి, పిల్లలు ఎలా ఆలోచిస్తారో గమనించినవాడు. కొద్ది కాలానికి లోగోలోకి తాబేలు వచ్చింది. మొదట నేల మీద పాకే మరబొమ్మ, తర్వాత తెర మీది బొమ్మ. వంద అడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి. (ఒబామా రాసిన వరుస ఈ తాబేలు సంతానమే.) దానితో త్రిభుజం గీయమంటే పిల్లలు చాలామంది ఒకే తప్పు చేస్తారు. సమబాహు త్రిభుజంలో కోణం అరవై అని బడిలో చదివారు కదా, ప్రతి మూల దగ్గరా తాబేలుని అరవై తిప్పుతారు. త్రిభుజం రాదు. మూడు గీతలతో సగం షడ్భుజి వస్తుంది. తాబేలు స్థానంలో తామే నడిచి చూస్తే, మూల దగ్గర తిరగాల్సింది నూట ఇరవై అని కాళ్లకి తెలుస్తుంది. బడి ఆ తప్పుకి ఇంటూ మార్కు పెట్టి వదిలేస్తుంది. తాబేలు ఆ తప్పుని గీసి చూపిస్తుంది. పాపర్ట్ 1980లో రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’లో పదేపదే చెప్పింది ఇదే. ఒప్పా తప్పా అన్న ప్రశ్న పక్కన పెట్టి, దీన్ని సరిచేయగలమా అని అడగడం పిల్ల నేర్చుకోవాలని.

తప్పుని దాచకుండానే మొదలుని సులువు చేయొచ్చని నాకు చూపించింది సంగీతం. కర్ణాటక సంగీత పాఠాలు చిన్నప్పుడు కొన్నేళ్లు నేర్చుకున్నాను. సరళీ స్వరాలకంటే సులువైన మొదలు ఇంకేముంటుంది? మాయామాళవగౌళలో స రి గ మ, మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. గమకాల బరువు లేదు, సాహిత్యం లేదు. అయినా అందులో అబద్ధం లేదు. శ్రుతి అసలైన శ్రుతే, తాళం అసలైన తాళమే. రిషభం జారితే జారినట్టే వినిపిస్తుంది, పక్కన తంబురా ఉంది కాబట్టి. సులువు చేసినవాళ్లు తంబురాని తీసేయలేదు. సరళీ స్వరాలు పాడిన పిల్లని కచేరీ చేసిందని ఏ గురువూ అనలేదు. పిల్లల కోడింగ్‌ని నేను తూచేది ఈ రెండు ప్రశ్నలతోనే. జారిన స్వరం జారినట్టు వినిపించే ఏర్పాటు ఉందా? నేర్చుకున్నదాన్ని దాని పేరుతోనే పిలుస్తున్నామా?

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటేసి పోలేను. సొంత తప్పు చేసుకునే చోటు ఉన్నంత మాత్రాన పిల్ల యంత్రం స్వభావాన్ని తనంతట తనే గ్రహించదు. 1980లలో న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, ఆయన సహచరులు లోగో నేర్చుకున్న పిల్లల్ని గమనించారు. లోగో చేస్తే పిల్లలకి ముందుగా పథకం వేసుకునే నేర్పు అన్ని పనుల్లోనూ వస్తుందని అప్పట్లో పెద్ద ఆశ. వాళ్లు చూసినంతలో అది కనిపించలేదు. పీ ఇంకో మంచి సంగతి పట్టుకున్నాడు. కొత్తవాళ్లు చేసే రకరకాల తప్పుల కింద ఒకే పెద్ద తప్పు ఉంటుందన్నాడు. యంత్రం లోపల ఎక్కడో ఒక మనసు ఉందని, నేను చెప్పకపోయినా నా ఉద్దేశం దానికి అర్థమవుతుందని పిల్ల నమ్ముతుంది. “దీనికి లెక్క రాదు” అన్న మా అమ్మాయి మాటలో ఉన్నదీ అదే నమ్మకం. లోపల ఎవరో ఉన్నారు, వాళ్లకి తెలివి తక్కువ. బ్రిటన్‌లో బెనెడిక్ట్ డు బూలే కూడా దాదాపు అదే కాలంలో, ప్రోగ్రామింగ్ నేర్పడమంటే ముందుగా ఆ యంత్రం ఎలా నడుస్తుందో ఒక చిన్న, నిజమైన ఊహాచిత్రం పిల్ల తలలో నిలబెట్టడమని వాదించాడు.

కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా అయితే 1988లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఇంకా దూరం వెళ్లాడు. మొదటి కోర్సులో విద్యార్థులు ప్రోగ్రామ్‌ని నడిపి చూడనే కూడదు, సరైనదని గణితంతో రుజువు చేయాలన్నాడు. యంత్రాన్ని మనిషిగా ఊహించుకోవడం ఆయనకి ససేమిరా గిట్టేది కాదు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. కానీ ఆయన మందు పిల్లలకి పనికిరాదు. పండు పడాలి, ఇరవై ఏడు కనిపించాలి. అప్పుడే ఎందుకన్న ప్రశ్న పుడుతుంది.

స్క్రాచ్‌కీ లోపాలున్నాయి. ఇజ్రాయెల్‌లో స్క్రాచ్ నేర్చుకున్న పిల్లల అలవాట్లని చూసిన పరిశోధకులు 2011లో రాశారు. పిల్లలు ముందు ఆలోచించకుండా బ్లాకుల్ని పోగేస్తూ పోతారని, ఒక్కచోట ఉండాల్సిన పనిని చిన్నచిన్న ముక్కలుగా చెదరగొడతారని. మా తరగతిలోనూ అదే చూస్తాను. పిల్లలకీ తెలుసు ఇది పూర్తి సరుకు కాదని. అమెరికాలో డేవిడ్ వైన్‌ట్రాప్, యూరి విలెన్‌స్కీ హైస్కూలు పిల్లల్ని అడిగితే, బ్లాకులు సులువే కానీ అసలైన ప్రోగ్రామింగ్‌లా అనిపించవని వాళ్లలో కొందరు చెప్పారు. వాళ్లే ఇంకో పరిశీలనలో ఒక తరగతికి అయిదు వారాలు బ్లాకులతో, ఇంకో తరగతికి టెక్స్ట్‌తో నేర్పారు. అయిదు వారాల చివర బ్లాకుల తరగతి ముందుంది. తర్వాత పది వారాలు రెండు తరగతులూ జావా నేర్చుకున్నాక తేడా మిగల్లేదు. బ్లాకులు పిల్లల్ని పాడుచేస్తాయనేవాళ్లకీ, అవి ప్రోగ్రామర్లని చేసేస్తాయని అమ్మేవాళ్లకీ ఈ ఫలితం ఒకేసారి జవాబు చెబుతుంది.

అమ్మేవాళ్ల సంగతి మనకి బాగా తెలుసు. 2020లో జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ కార్యకలాపాలు ఉండాలంది. లాక్‌డౌన్‌లో పిల్లలంతా ఇళ్లలోనే ఉన్నారు. చిన్న పిల్లాడు యాప్ చేస్తే పెట్టుబడిదారులు ఇంటి ముందు కొట్టుకుంటున్నట్టు టీవీల్లో ప్రకటనలు వచ్చాయి. ప్రకటనల ప్రమాణాల మండలి కల్పించుకున్నాక వాటిలో కొన్ని ఆగాయి. అవి మన ఇళ్లలో తగిలినంత లోతుగా ఇంకెక్కడా తగిలి ఉండవనుకుంటాను. మన కుటుంబాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే అప్పు తీరడం, చెల్లెలి పెళ్లి, ఊళ్లో ఇల్లు. అమీర్‌పేట హాస్టళ్లలో ఇద్దరేసి ఒక మంచం పంచుకుని జావా నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు తల్లిదండ్రులు. ఆ కష్టం తమ పిల్లకి ఉండకూడదని ఫీజు కడతారు. ఆ ప్రేమని నేను తక్కువ చేయను. అందుకే ఆ ప్రేమకి అబద్ధపు సర్టిఫికెట్ ఇవ్వడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

నష్టం డబ్బుతో పోదు. గంటలో కోడర్ అయిపోయావని విన్న పిల్ల, రెండు మూడేళ్లకి పైథాన్ ముందు కూర్చుంటుంది. మొదటి రోజే ఎర్రర్ వస్తుంది. రెండో రోజూ వస్తుంది. ఇది ఈ పనిలో మామూలేనని తనకి ఎవరూ చెప్పలేదు. అప్పట్లో అన్నీ మొదటిసారికే అయ్యాయి కదా, ఇప్పుడు కావట్లేదంటే నాకు రాదన్నమాట అనుకుంటుంది. పక్కవాడికీ వస్తున్నాయని తెలియదు. వాడు బయటికి చెప్పడు. ఇంజినీరింగ్ మొదటి ఏడు పిల్లల్లో, ముఖ్యంగా ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లల్లో, ఈ మౌనం నేను చాలా చూశాను. ఇరవై ఏడు పాయింట్ల గండం దాటి వచ్చిన పిల్లకి ఎర్రర్ పాత పరిచయస్తురాలు.

మరి అన్ని బడుల్లోనూ ఖాళీ తెరే ఇవ్వొచ్చు కదా? ఇవ్వకపోవడానికి కారణం చదువు సిద్ధాంతం కాదు, మనుషులు లేకపోవడం. పక్షి చిక్కుప్రశ్నకి టీచరు అక్కర్లేదు. ఒప్పో తప్పో అదే చెప్పుకుంటుంది. నలభై మంది పిల్లలు, పది కంప్యూటర్లు, లెక్కల టీచరుకి అదనంగా అంటగట్టిన ల్యాబ్ పీరియడు. ఆ పరిస్థితిలో తనంతట తను నడిచే ఆట దొరికితే ఎవరైనా అదే పెడతారు. ఖాళీ తెర ముందు నలభై మంది నలభై రకాల తప్పులు చేస్తారు. వాటిలో సగం ఆ టీచరు కూడా మునుపెన్నడూ చూడనివి. “నాకూ తెలియదమ్మా, పండుని నెమ్మది చేసి చూద్దాం రా” అని పక్కన కూర్చోగల ధైర్యం, తీరిక ఆ టీచరుకి ఉండాలి. అది ట్యాబ్‌తో రాదు, యాప్‌తో రాదు. టీచరే ముందు కొన్ని నెలలు సొంత ఆటలు చేసుకుని, సొంత తప్పుల్లో చిక్కుకుని బయటపడి ఉంటే వస్తుంది. అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో 2016 నుంచి మన బడుల్లోకి కిట్లు వచ్చాయి. తాళం వేసిన అల్మారాల్లో వాటిని చూసినప్పుడల్లా నేను అడిగేది ఇదే. ఈ పెట్టె కొన్న డబ్బులో ఒక వంతైనా, ఇది తెరవాల్సిన టీచరు నేర్చుకునే సమయానికి కేటాయించారా అని. ప్రధానోపాధ్యాయులు మొహమాటపడకుండా జవాబు చెబుతారు. మూడు రోజుల శిక్షణ ఇచ్చారని, అది తీసుకున్న టీచరు బదిలీ మీద వెళ్లిపోయారని.